ఎండకు పోయే గుర్తు

మా చిన్న చెల్లెలు పోయిన కబురు నాకు చర్చి గడప కాడ అందింది. ఆ రోజు ఆదివారం. ఆమె నంద్యాల ఆసుపత్రిలో ఉంది, నేను ఆళ్లగడ్డలో ఉన్నాను. "చర్చికి పోక ఎన్ని వారాలాయె నువ్వు. నన్ను సాకు జేసుకోని దేవునికి ఎగ్గొట్టొద్దు, పో" అని ముందురోజు ఆమే నన్ను పంపించింది. ఆరాధనలో ఫోన్ ఆపి సంచిలో పెట్టుకోవడం నా అలవాటు. చెల్లెలి కాడ ఆట నేర్చుకున్న సలోమి ఎన్నిసార్లు ఫోన్ చేసిందో తెలీదు. చివరికి మా తమ్ముణ్ణి ఆసుపత్రిలో ఉంచి, బండి మీద వచ్చేసింది.

ప్రార్థన అయ్యేదాకా ఆ పిల్ల లోపలికి రాలేదు. హెల్మెట్ చేతిలో పట్టుకోని గడప బయటే నిలబడింది. ఆమేన్ అని కండ్లు తెరిస్తే కనిపించింది. లేచి దగ్గరికి పోయినాను.

"టీచర్ పోయింది పెద్దక్కా" అనింది.

మన పక్క ఎవరన్నా పోతే ఆ మాట సూటిగా చెప్పరు. సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చిపోండి అంటారు. దారి పొడుగునా మనకు తెలుస్తానే ఉంటుంది, తెలీనట్టే పోతాం. సలోమి అట్లా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం మా చెల్లెలు ఆ పిల్లకు నేర్పిన పాఠం. ఆ పాఠం నేర్పేదానికి ఆమెకు సగం జీవితం పట్టింది.

మన సంఘ పత్రికకు నాలుగు మాటలు రాయమని పాస్టరయ్య అడిగినారు. రాయడం నాకు అలవాటు లేదు. ఆసుపత్రి బెంచీల మీద కూర్చొని కూర్చొని ఒళ్లు కూడా అలిసిపోయి ఉంది. ప్రార్థన చేసుకోని కూర్చుంటే ఏది గుర్తుకొస్తే అది రాస్తున్నాను. కొన్ని ముందువి వెనక, వెనకవి ముందు వస్తే ఓర్చుకోండి.

నేను ఇంటికి పెద్దదాన్ని, ఆమె ఆఖరిది. మధ్యలో మా తమ్ముడు. అమ్మ తొందరగా పోయింది కాబట్టి ఆమెకు జడ వేసింది, బడికి పంపింది నేనే. నేను కుట్టుమిషన్ మీద బతికినదాన్ని. ఆమె ఆటల టీచర్ అయ్యింది. పెండ్లి చేసుకోలేదు, నాతోనే ఉండింది. మెడలో విజిల్ వేసుకోని సైకిల్ మీద పోయే మనిషిగా మీకు ఆమె తెలుసు. ఆమె పిల్లలకు కత్తులాట నేర్పిస్తుందని కూడా వినే ఉంటారు. ఫెన్సింగ్. ముఖానికి జల్లెడ లాంటి ఇనుప మాస్కు, ఒంటికి మందపాటి తెల్ల కోటు, చేతిలో సన్నని కత్తి. కత్తికి మొన ఉండదు, కొసన చిన్న గుండీ ఉంటుంది. ఒక పొడుగాటి పట్టీ గీసి, ఆ గీత మీదే ఇద్దరూ ముందుకు వెనక్కు కదలాల. ఎవరు ముందు తాకిస్తే వాళ్లకు పాయింటు.

చూసేదానికి అంతే. కానీ ఆ ఇద్దరి చుట్టూ ఇంకా మనుషులు ఉండాల. నేర్పే కోచ్. తీర్పు చెప్పే రెఫరీ. ఆడే ముందు కోటు, మాస్కు, కత్తి పట్టి చూసి ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పే మనిషి. బల్ల కాడ కూర్చొని టైము, పాయింట్లు చూసే మనిషి. మా చెల్లెలి గోడు ఈ చుట్టూ ఉండేవాళ్ల గురించే.

"కత్తి పట్టేవాళ్లకు నేర్పుతాండామక్కా. చుట్టూ నిలబడేవాళ్లకు ఎవరు నేర్పినారు? ఎవరిని పడితే వాళ్లను కుర్చీలో కూర్చోబెడతాండాం" అనేది.

మొదట్లో ఆమె కూడా అంతే చేసింది. అది చెప్పకుండా తక్కినది చెప్పలేను. ఆమె కూడా ఎక్కడా దాచలేదు. ప్రతి తరగతిలో మొదట ఆ సంగతే చెప్పేది.

మొదటి ఏడాది పోటీలకు కోట్లన్నీ ఆమే పట్టి చూసింది. పనికొచ్చేవాటికి ఒక గుర్తు ఉండాల కదా అని ఆలోచించి, మా బట్టలుతికే చాకలాయన కాడికి మోసుకుపోయింది. ఆయన నల్లజీడి రసంతో గుర్తు పెడతాడు, ఏ ఇంటి బట్ట ఏదో తెలిసేదానికి. బట్ట చిరిగి పీలికలైనా ఆ గుర్తు పోదు. ఒక్కో కోటుకు కాలరు లోపల చిన్న అడ్డగీత, దాని మీద చుక్క. ఇంటికొచ్చి నాకు చూపించి మురిసిపోయింది. "ఇంగ పోదక్కా ఇది, ఎన్ని ఉతుకులు ఉతికినా" అనింది.

పోలేదు. అదే ముప్పు తెచ్చింది.

మరుసటేడు పోటీలు నంద్యాలలో జరిగినాయి. కోట్లు చూసే బల్ల కాడ ఎవరో కోచ్ గారి బామ్మర్దిని కూర్చోబెట్టినారు. ఆయనకు ఆ పని తెలీదు, పాపం, తెలుసునని ఎవరికీ చెప్పను కూడా లేదు. కూర్చోమంటే కూర్చున్నాడు. కాలరు తిప్పి చూసినాడు, నల్ల గుర్తు ఉంది, పో అన్నాడు. ఏడాది పాటు ఆడి ఆడి ఆ కోటుకు చంక కింద కుట్టు వదిలింది. ఆట మధ్యలో అవతలి పిల్ల కత్తి విరిగింది. విరిగిన కత్తికి గుండీ ఉండదు. ఆ వదిలిన కుట్టులోంచి పోయి చేతి లోపలివైపు చీల్చుకుంటా పోయింది.

ఆ కోటు వేసుకున్న పిల్ల సలోమి. అప్పటికి చిన్నది. గోస్పాడు పక్క పల్లె, కూలి పనులు చేసుకునే ఇల్లు.

దేవుని దయ, నరం తప్పింది. కుట్లు వేసినారు, మానింది. వాళ్లమ్మ పొలం నుంచి అట్లే వచ్చింది, కాళ్లకు బురద. మా చెల్లెలు ఆమె చేతులు పట్టుకోని ఏదో చెప్పబోయింది. ఆమె వినలేదు. ఆ కోటు పట్టుకోని కాలరు తిప్పి చూపించింది.

"ఇదేంది టీచరమ్మా? సూసినామని ముద్ర ఏసినారు గదా. సూడకుండానే ఏసినారా?"

"చూసే వేసినామమ్మా. పోయినేడు."

"పోయినేడు సూస్తే ఈయేడు పిల్లకు తగలదా?"

అంతే అడిగింది. తిట్టలేదు. తిట్టి ఉంటే మా చెల్లెలు ఇంకొంచెం నిద్రపోయేదేమో.

ఆ తర్వాత చాన్నాళ్లు ఆమె కత్తి ముట్టలేదు. సాయంత్రం ఇంటికొచ్చి నా మిషన్ పక్కన కూర్చొనేది, పాత కోట్లు కుట్లు విప్పి చూస్తా. నేను మాట్లాడించలేదు. ప్రార్థనలో ఆమె పేరు చెప్పుకునేదాన్ని, అంతే. ఒక పొద్దున నేను బండ మీద బట్టలుతుకుతాంటే వచ్చి నిలబడింది. నా చీర కొంగుకు వంటింటి పసుపు మరక. సబ్బు తగలగానే అది ఎర్రగా మారింది. మీరందరూ చూసిందే. తీగ మీద వేసినాక ఎండకు ఆ ఎరుపు పోయి, లేత పసుపై, సాయంత్రానికి జాడ లేకుండా పోయింది. ఆమె ఆ రోజు బడికి సెలవు పెట్టి, ఆ కొంగు కాడే కూర్చొని చూసింది.

"గుర్తు పోవాలక్కా" అనింది సాయంత్రం. "పోతేనే మళ్లా చూస్తారు."

అప్పటి నుంచి పసుపే. ఒక డబ్బాలో తడి పసుపు, బొటనవేలితో కోటుకు చంక కింద ఒక గుర్తు. ఆ చంక కిందే ఎందుకో చెప్పనవసరం లేదు. పోటీ అయినాక ఉతికి ఎండకేస్తే గుర్తు పోతుంది. మళ్లీ పోటీ వస్తే మళ్లీ చూడాల్సిందే, గుర్తు లేదు కాబట్టి.

మన సంఘంలో దాని మీద చిన్న గొడవ కూడా జరిగింది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆరాధన అయినాక ఒక పెద్దమ్మ ఆమెను ఆపింది. "ఏందమ్మా, మన పిల్లోళ్లకు పసుపు బొట్లు పెడతాండావంట?"

"బొట్టు ముఖాన పెడతారు పెద్దమ్మా. నేను చంక కింద పెడతాండా" అనింది చెల్లెలు.

ఆ పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. గొడవ అంతటితో పోయింది.

పసుపు పెట్టడం సులభమే. పెట్టేవాళ్లను తయారుచేయడం కష్టమయ్యింది. నేర్పాల, పరీక్ష పెట్టాల, పాసైనవాళ్లే కూర్చోవాల అని ఆమె పట్టు. కోచ్‌కైనా, రెఫరీకైనా, బల్ల కాడివాళ్లకైనా. నంద్యాలకు పోయి ఆట వ్యవహారాలు చూసే పెద్దాయనను అడిగింది. ఆయన మంచివాడు, కుర్చీ వేసి టీ తెప్పిస్తాడు, పని మాత్రం చేయడు. నేను కూడా కొన్నిసార్లు తోడు పోయినాను.

"అమ్మా, పిల్లలుండారు, కత్తులుండాయి, నువ్వుండావు. ఇంగేం కావాల? చేతి వేళ్లంత మంది ఆడే ఆటకు పరీక్షలా? కలెక్టరు పరీక్షా ఇది?"

"పిల్ల చెయ్యి తెగింది సార్."

"అది యాక్సిడెంటు."

"కాదు సార్. ఎవరూ చూడలేదు. చూసినామని చెప్పినాం."

ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. మేం బస్టాండుకు నడిచొచ్చేవాళ్లం. ఆళ్లగడ్డ బస్సు కోసం ఎండలో నిలబడి, "వచ్చే నెల మళ్లా పోదామక్కా" అనేది. కోపం ఉండేది కాదు ఆ మాటలో. బావి దూరమైనా నీళ్లకు పోవాల్సిందే కదా, అట్లా అనేది. ఎన్నో ఏండ్లు అట్లా తిరిగింది. బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. మనిషి అప్పటికే లోపల అరిగిపోతా ఉండిందని మాకు తెలీదు. షుగరు బయటపడింది ఆ తర్వాత.

చివరికి ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు. విసిగి ఒప్పుకున్నాడో, మనసొప్పి ఒప్పుకున్నాడో. ఎండాకాలం సెలవుల్లో నంద్యాలలో ఒక బడి హాలు ఇప్పించినాడు. పై నుంచి పరీక్ష పెట్టేవాళ్లను పిలిపించి, మొదట మా చెల్లెలికే పరీక్ష పెట్టించినారు. ఆమె పాసై, తక్కినవాళ్లకు నేర్పింది. సర్టిఫికెట్ మీద ఒక మాట ఆమె పట్టుబట్టి రాయించింది. అది రెండేండ్లే చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ పరీక్ష రాయాల, ఎవరైనా సరే.

దాని మీద గొణుక్కోనివాళ్లు లేరు. మహబూబ్ అయితే గొణగలేదు, గట్టిగానే అడిగినాడు. ఈ మహబూబ్ బెలుం గుహల కాడ గైడు, సెలవురోజుల్లో రెఫరీ పనికి వచ్చేవాడు. గొంతు గుహ నిండేటట్టు ఉంటుంది.

"డ్రైవింగ్ లైసెన్సే అన్నేండ్లు ఇస్తారు గదక్కా. నేనేమన్నా మర్చిపోతానా?"

"నువ్వు మర్చిపోవు మహబూబూ. కండ్లు మర్చిపోతాయి" అనింది ఆమె.

ఆ మాట ఆమె మీదికే తిరిగొస్తుందని ఆ రోజు ఎవరికి తెలుసు.

ఆమె తరగతిలో రెండు కట్టుబాట్లు. ఒకటి, గీత కాడ వరసలు పెట్టి పిలవగూడదు. మన జిల్లాలో ఎవరిని కదిపినా ఏదో ఒక వరస తగులుతుంది. ఆడే పిల్ల రెఫరీని "మామా, నాదే పాయింటు" అంటుంది. కోచ్ బల్ల కాడ మనిషిని "బావా, చూసుకో" అంటాడు. "గీత కాడ మామ లేడు, బావ లేడు. బయటికి పోయినాక కావాలంటే కాళ్లకు మొక్కండి" అనేది. ఆమె సొంత మేనకోడలు, మా తమ్ముని కూతురు, ఒకసారి ఆటలో నోరుజారి "అత్తా" అనింది. హెచ్చరిక కార్డు చూపించింది. ఇంటికొచ్చినాక ఆ పిల్ల అన్నం తినకుండా అలిగి కూర్చుంటే, ముద్దలు కలిపి తినిపించింది కూడా ఆమే.

రెండోది, "చూడలేదు" అనడం. ఆ ఆటలో రెఫరీ ఎవరు ముందు తాకించినారో తెలుసుకోలేకపోతే, తెలీలేదని చెప్పొచ్చు. పాయింటు ఎవరికీ రాదు, మళ్లీ ఆడతారు. అది తప్పు కాదు, ఆట పద్ధతే. కానీ మనవాళ్ల నోట ఆ మాట రాదు. పదిమంది చూస్తాంటే తెలీదని ఎట్లా అంటాం? మహబూబ్ మొదటి పరీక్షలో ఫెయిలయ్యింది అందుకే. అన్నీ చూసినట్టే చెప్పినాడు.

"గుహలో టూరిస్టు ఏమన్నా అడిగితే తెల్దని చెప్పగూడదక్కా. దుడ్లు ఇయ్యరు" అన్నాడు.

"ఈడ తెల్దని చెప్పకపోతే సర్టిఫికెట్ ఇయ్యరు."

తరగతిలో అందరినీ నిలబెట్టి, ఒక్కొక్కరి చేత ఆ మాట అనిపించేది. చూడలేదు. గట్టిగా, ఆఖరి వరుసకు వినపడేటట్టు. నవ్వుకుంటా మొదలుపెట్టేవాళ్లు. నాలుగో మనిషి దాకా వచ్చేసరికి నవ్వు పోయేది. ఎందుకో మరి.

నాకు కూడా పరీక్ష పెట్టింది. కోట్లు చూసే పనికి.

"కుట్టు నాకు తెలీదా పాపా? ఎన్నేండ్లు కుట్టినాను" అన్నాను.

"కుట్టేది తెలుసక్కా నీకు. కాదనేది తెలీదు."

పరీక్షలో ఒక అమ్మ తన పిల్ల కోటు తెచ్చి, అరచెయ్యంత చిరుగు చూపించి, ఇదొక్కసారికి పోనీ అక్కా అని అడుగుతుంది. అది ఉత్తుత్తికే, వాళ్లే ఒప్పించి పెట్టిన మనిషి. నేను కాదన్లేదు. సూది తెచ్చుకుంటానన్నాను. సూది వేసిన కోటు పాస్ కాదు, అది నియమం. నాకు సర్టిఫికెట్ రాలేదు, ఇప్పటికీ లేదు. ఇంటికొచ్చి చెల్లెలు చాలాసేపు నవ్వింది. "నువ్వు పరలోకం గేటు కాడ ఉంటే అందరూ లోపలే ఉంటారక్కా" అనింది.

సలోమి మాత్రం ఆ చేతి మచ్చతోనే మళ్లీ కత్తి పట్టింది. మొదట వాళ్లమ్మ పంపలేదు. పసుపు గుర్తు సంగతి విని, తానే వచ్చి బల్ల కాడ నిలబడి, పిల్ల కోటును మా చెల్లెలు ఎట్లా పట్టి చూస్తుందో చూసి, ఆ తర్వాత పంపింది. సలోమి ఆడింది, చదువుకునింది, కోచ్ పరీక్ష పాసయ్యింది, రెఫరీ పరీక్ష పాసయ్యింది. పరీక్షలు పెట్టే అర్హత మన జిల్లాలో మా చెల్లెలి తర్వాత ఆ పిల్లకే వచ్చింది.

ఈ లోపల చెల్లెలికి జబ్బు ముదిరింది. షుగరు కండ్లకు వచ్చింది, తర్వాత కిడ్నీలకు. వారంలో కొన్ని రోజులు నంద్యాలలో సూదులు, గొట్టాలు. బియ్యంలో రాళ్లు ఏరలేకపోయేది. అయినా హాలుకు పోయేది. ఒక భయం మాత్రం ఆమెను వదల్లేదు. చావంటే కాదు, దాని గురించి ప్రార్థన చేసుకోని నెమ్మదిగానే ఉండేది.

"నేను పోయినాక కాదని ఎవరంటారక్కా? మన టీచర్ పిల్లోళ్లు, మన టీచర్ చుట్టాలు అని మళ్లా అన్నీ పాస్ చేసేస్తారు. మళ్లా ఒక పిల్ల చెయ్యి తెగాల్సిందేనా?"

ఆ రాత్రి ప్రార్థనలో ఆ మాటే దేవునికి చెప్పుకున్నాను.

ఆమె రెఫరీ సర్టిఫికెట్ రెండేండ్లు నిండింది. మళ్లీ పరీక్ష రాయాల. పెట్టాల్సింది సలోమి. నంద్యాల పెద్దాయనే వచ్చి అడ్డం పడినాడు. "నువ్వు పెట్టిన పరీక్ష అమ్మా ఇది. నీకేంది పరీక్ష? నేను సంతకం పెడతాను పో."

"నాకు లేకపోతే ఎవరికీ లేదు సార్" అనింది.

ఎండాకాలం, పొద్దున పూట. అదే బడి హాలు. పైన ఫ్యాన్లు తిరుగుతా ఉన్నాయి. ఆ ఏడు నేర్చుకునే దానికి వచ్చినవాళ్లందరూ గోడ పక్కన కూర్చున్నారు. నేను కూడా అక్కడే ఉన్నాను, ఆమె మందుల సంచి పట్టుకోని. ఇద్దరు పిల్లలు గీత మీద ఆడతారు, ఆమె తీర్పు చెప్పాల. సలోమి పక్కన నిలబడి చూస్తుంది. కత్తి తాకితే లైటు వెలిగే మిషన్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేసినారు, కంటితోనే చెప్పాల.

మొదట బాగానే చెప్పింది. కత్తి కత్తికి తగిలే చప్పుడు విని చెబుతాందని నాకు అర్థమయ్యింది. నాకు అర్థమయ్యిందంటే సలోమికి ఎప్పుడో అర్థమై ఉంటుంది. ఆ పిల్ల ఆడేవాళ్లకు ఏదో సైగ చేసింది. ఈసారి వాళ్లు కత్తులు తగిలించుకోకుండా, చప్పుడు లేకుండా తాకించినారు.

"ఎవరు ముందు టీచర్?"

చెల్లెలు ముఖం ఇద్దరి వైపూ తిప్పింది. "చూడలేదు."

మళ్లీ ఆడించింది.

"చూడలేదు."

మళ్లీ.

"చూడలేదు."

వెనక నుంచి మహబూబ్ ఉండలేకపోయినాడు. "దుమ్ము ఉందక్కా ఈడ. ఒగసారి కండ్లు తుడుచుకో" అన్నాడు. ఆ గొంతు వణకడం నేను వినింది అదే మొదటిసారి.

"దుమ్ము కాదు మహబూబూ" అని ఆమె నవ్వింది. తర్వాత సలోమి నిలబడిన వైపు తిరిగింది. సరిగ్గా ఆ వైపు కాదు, కొంచెం పక్కకు.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. పెద్దాయన తల దించుకున్నాడు. నేను కండ్లు మూసుకోని ప్రార్థన చేసినాను. ఏం అడగాలో తెలీక, ప్రభువా అని ఊరుకున్నాను.

"పాస్ కాలేదు టీచర్" అనింది సలోమి.

"గట్టిగా చెప్పు. ఆఖరి వరుసకు వినపడల్లేదు."

"పాస్ కాలేదు."

చెల్లెలు తల ఊపింది. మెడలో విజిల్ తీసి బల్ల మీద పెట్టింది. పసుపు డబ్బా కూడా పెట్టింది. వచ్చి కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్కన, నేల మీద, నా దగ్గర కూర్చునింది. ఆ రోజు తరగతి సలోమి చెప్పింది. ఆమె చివరిదాకా కూర్చొని వినింది, తెలీని పాఠం విన్నట్టు.

ఆళ్లగడ్డ బస్సులో నా భుజం మీద తల ఆనించింది. నిద్రపోయిందనుకున్నాను.

"అక్కా, పిల్ల బెదరలేదు చూసినావా?"

"చూసినాను."

"గొంతు కొంచెం వణికింది."

"వణికింది."

"పర్వాలేదులే" అనింది. ఆ రోజు చానాళ్లకు ఆమె ముఖం తేటగా ఉండింది. ఒళ్లు మాత్రం కాగుతా ఉండింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఆసుపత్రి, ఇల్లు, ఆసుపత్రి. అలిసిపోయిందమ్మా ఒళ్లు, అని డాక్టరమ్మ చెప్పింది. మాకు తెలుసు. ప్రార్థనలో బాగుచెయ్యమని అడగడం ఆపేసి, దగ్గరుండమని అడిగేదాన్ని. పిల్లలు వస్తే చేతులు తడిమి, ఎవరి గ్లౌజు ఎక్కడ చిరిగిందో చెప్పేది.

భూస్థాపనకు మీలో చాలామంది వచ్చినారు, అందరికీ వందనాలు. మట్టి వేసేటప్పుడు గమనించే ఉంటారు, సమాధుల తోట గోడ అవతల రాళ్లు చెక్కేవాళ్లు ఉలులు ఆపి నిలబడినారు. ఆమె మాస్కు పెట్టెలో పెడదామని పిల్లలు అడిగినారు. వద్దన్నాను. పోయినసారి పట్టి చూసినప్పుడు అది బాగుంది. ఇంకో పిల్లకు పనికొస్తుంది.

ఇంటికొచ్చి రెండు మూడు రోజులు ఏమీ ముట్టలేదు. తర్వాత ఆమె కోటు తీసినాను. నేర్పేటప్పుడు వేసుకునే కోటు, అందరి కోట్ల కంటే మందం. చంక కింద సలోమి బొటనవేలి పసుపు గుర్తు ఉంది. ఆమె కోటును కూడా బల్ల మీద పెట్టి చూడాల్సిందే, ఆమె నియమమే కదా. బండ మీద వేసి సబ్బు పెట్టినాను. ఎర్రగా మారింది. ఆ ఎరుపును అట్లే చూస్తా కూర్చొని, తర్వాత నీళ్లు పోసి పిండి, మిద్దె మీద తీగకు వేసినాను.

మధ్యాహ్నం సలోమి వచ్చింది. కోట్లు, కత్తులు హాలుకు తీసుకుపోవాల, మళ్లీ పోటీలు ఉన్నాయి. మిద్దె మీదికి పోయినాం. గుర్తు దాదాపు పోయింది, చూసినవాళ్లకే తెలుస్తుంది.

"టీచర్ కోటు నువ్వు వేసుకో సలోమీ. నీకు సరిపోతుంది" అన్నాను.

ఆ పిల్ల కోటును తీగ మీద నుంచి తీసింది. ముఖానికి అదుముకుంటుందేమో అనుకున్నాను. అదుముకోలేదు. లోపలివైపు తిప్పింది. కాలరు కాడ మొదలుపెట్టి, కుట్టు వెంబడి వేళ్లు పెట్టుకుంటా, మెల్లగా, తొందరలేకుండా, చెల్లెలు చూసినట్టే చూసింది. భుజం. చెయ్యి. చంక. అక్కడ ఆగింది. కోటును ఎండకు ఎత్తి పట్టుకునింది.

"ఈడ కుట్టు వదిలింది పెద్దక్కా."

నేను దగ్గరికి పోయి వేలు పెట్టి చూసినాను.

"ఇది పాస్ కాదు" అనింది. గొంతు వణకలేదు. కండ్ల నిండా నీళ్లున్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

కోటును మళ్లీ జాగ్రత్తగా తీగ మీద వేసి, క్లిప్పులు పెట్టి, తక్కినవి సంచిలో వేసుకోని మెట్లు దిగి పోయింది. నేను అక్కడే ఉన్నాను. పొద్దు వాలుతా ఉండింది. కోటు నీడ గచ్చు మీద పడింది, చేతులు చాపిన మనిషి మాదిరి. ఆ నీడలో చంక కింద, వదిలిన కుట్టులోంచి వచ్చిన ఎండ, బియ్యపుగింజంత వెలుగు. గాలికి కోటు కదిలినప్పుడల్లా అదీ కదిలింది.